ఏడో నంబరు ముద్ర

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అమ్మడు తన కోపమంతా సైకిలు మీద చూపిస్తోంది. కుడికాలి పంట్లాం అంచుకు పెట్టుకున్న బట్టల క్లిప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. అంచు చెయినులో పడి నల్లగా నలుగుతోంది. అయినా ఆగలేదు. హ్యాండిలుకి తగిలించిన సంచిలో బాబాయి రేడియం కోటు ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఆ వ్యాను డ్రైవరు మొహాన కొట్టి, "ఇది కనబడలేదా నీకు?" అని అడగాలి. నాలుగు రోజులుగా ఆమెకి ముద్ద దిగుతున్నదే ఆ ఒక్క మాట అడగడం కోసం.

బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్నే ఆరింటికల్లా డిపోలో ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా ఒకటే దారి, ఒకటే సైకిలు. ఆయన బయల్దేరడం చూసి తీరాలి, పెళ్ళికొడుకు ముస్తాబుకి కూడా అంతసేపు పట్టదు. రెండు కాళ్ళకీ పాత ట్యూబు కోసి చేసుకున్న రబ్బరు బ్యాండ్లు. బ్రేకు పట్టు దొరకాలని వేళ్ళు కత్తిరించిన ఉన్ని చేతి తొడుగులు. గడ్డం కింద బూటు లేసుతో ముడేసిన హెల్మెట్టు. వాన పడితే సీటుకి తొడగడానికి జేబులో ఒక పాలిథీన్ కవరు. పనిబట్టలు విడిగా క్యారియరు మీద. తొక్కిన చెమట చొక్కాతో ఇంజను ముందు నిలబడకూడదని ఆయన పంతం. వీటన్నిటి మీదా, చలికాలం మొదట్లో అమ్మడు తెచ్చిచ్చిన చిలకాకుపచ్చ కోటు. ముందు వెండిరంగు పట్టీలు రెండు, వెనక రెండు.

"చిలకలా ఉన్నావయ్యా," అంది పిన్ని మొదటిరోజు.

"చిలకని ఎవరూ గుద్దరే," అన్నాడాయన.

బుధవారం తెల్లవారుజామున మంచులో పాలవ్యాను వెనక నుంచి గుద్దేసింది. భుజం ఎముకా, కుడి తొడ ఎముకా విరిగాయి. డ్రైవరే ఎత్తుకొచ్చి ఆస్పత్రిలో చేర్చాడు, ఆ మాట నిజమే. కానీ పోలీసాయన కాగితం తీసి రాసుకుంటుంటే, "సార్, ఒంటి మీద మెరిసేది ఏదీ లేదు. ఉంటే నా లైటుకి తగిలేది," అన్నాడు. పోలీసాయన అలాగే రాసేసుకున్నాడు. అంటే తప్పు గుద్దినవాడిది కాదు, గుద్దించుకున్నవాడిది. అమ్మడు ఆస్పత్రి వరండా దద్దరిల్లేలా అరిచింది. "అబద్ధం! కోటు వేసుకున్నాడు! ఇచ్చింది నేను! వీడు నిద్రపోతూ నడిపాడు!" నర్సు వచ్చి ఆమెని బయటికి పంపేసింది.

ఆ అరుపుకి ఇంకో కారణం కూడా ఉంది. కోటు బజార్లో కొన్నది కాదు. సైకిలు మీద పనికెళ్ళేవాళ్ళ కోసం కోట్లు, వాన తొడుగులు, సంచి కవర్లు కుట్టే యూనిట్లో అమ్మడు చెకింగు చేస్తుంది. ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పిన్ని అక్కడే మూడో లైన్లో ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతోంది. అమ్మడికి ఏడో నంబరు ముద్ర ఇచ్చారు. ఆమె చూసి బాగుందన్న ప్రతి ముక్క లోపలి లేబులు మీదా ఆకుపచ్చ ఇంకుతో ఏడు అంకె పడుతుంది. పనివాళ్ళకి మనిషికొక కోటు ఇచ్చినప్పుడు, కుప్పంతా వెతికి తన ముద్ర ఉన్నదే ఏరి తెచ్చింది. "నేను చూసిందే బాబాయ్, నమ్మకంగా వేసుకో" అని చెప్పి మరీ ఇచ్చింది.

అలాంటి కోటు లేదంటాడా వాడు?

డ్రైవరు ఇల్లు ఒక పాత షెడ్డు వెనక ఉంది. ఆదివారం కాబట్టి వ్యాను షెడ్డులోనే ఉంది. ముందు బంపరు సొట్ట అలాగే ఉంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. తలుపు తీసి ఆమెని చూడగానే, "మీ బాబాయికి ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"నువ్వు అడగాల్సిన మాట కాదది. ఇదిగో." కోటు తీసి మొహాన కొట్టలేకపోయింది. దాని మీద ఎండిన రక్తం ఉంది. వ్యాను ముందు భాగం మీదికి విసిరింది. "ఇది కనబడలేదా నీకు?"

డ్రైవరు కోటుని ఎత్తి చూశాడు.

"ఆ చీకట్లో, ఆ హడావుడిలో ఒంటి మీద ఏముందో చూళ్ళేదమ్మా. ఇది వేసుకున్నాడా?"

"ఆస్పత్రివాళ్ళు కత్తెరతో కోసి తీశారు. కళ్ళు పెట్టుకుని చూడు!"

"అమ్మా, నాకూ కళ్ళున్నాయి. వాటితోనే బతుకుతున్నా. నువ్వు అరిస్తే ఇల్లుగలవాళ్ళు వస్తారు, అంతే. రా, ఎక్కు."

"ఎక్కడికి?"

"నా సీట్లోకి. అక్కడ నిలబడి తిడితే నీకు తెలిసేది ఏముంది? నేను కూర్చున్నచోట కూర్చుని చూసి, అప్పుడు తిట్టు."

షెడ్డు షట్టరు కిందికి లాగేశాడు. పట్టపగలే లోపల చిమ్మచీకటి అయింది. కోటుని ఎదురుగోడ మేకుకి, వీపు ఇటు కనబడేలా తగిలించి, పక్కన నిలబడి, "స్విచ్చు నీ ఎడమ చేతి పక్కన," అన్నాడు. అమ్మడు పళ్ళు నూరుతూ లైటు వేసింది.

గోడ కనబడింది. గోడ మీద సున్నం పెచ్చులు కనబడ్డాయి. మూల నిలబెట్టిన సైకిలు వెనక మడ్‌గార్డు మీది ఎర్ర బిళ్ళ నిప్పుకణంలా మండింది. కోటు మాత్రం దుమ్ము పట్టిన గోనెపట్టాలా వేలాడుతోంది. పట్టీలు ఉన్నచోట నల్లటి గీతలు, అంతే.

"రక్తం పట్టింది కదా, అందుకే," అంది అమ్మడు.

"రక్తం ఒకవైపే కదమ్మా ఉంది." కత్తెర పడ్డచోట కింది పట్టీ ఊడి వేలాడుతోంది. దాన్ని సరిచేద్దామని డ్రైవరు చెయ్యి పెట్టాడు. పట్టీ మెలితిరిగి తిరగబడింది.

జానెడు వెలుగు భగ్గుమంది. అమ్మడు కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ తిప్పండి," అంది. అప్పటిదాకా 'నువ్వు' అన్న మనిషిని 'మీరు' అన్నానని ఆమెకి తెలియలేదు. తిప్పాడు. ఆరిపోయింది. "మళ్ళీ." వెలిగింది. "మళ్ళీ." ఆరిపోయింది.

దిగి వెళ్ళి పట్టీని చేతిలోకి తీసుకుంది. ఒకవైపు నున్నగా స్టీలు పళ్ళెంలా ఉంది. రెండోవైపు గరుకుగా, బూడిద పూసినట్టు మసకగా ఉంది. పగటి వెలుతురులో మెరిసేది నున్నటి వైపు. బండి లైటుకి మండేది బూడిద వైపు. కోటు మీద నున్నటి వైపు పైకి ఉంది. పట్టీని తిరగేసి కుట్టారు.

తిరగేసి కుట్టింది తన యూనిట్టే. లోపల లేబులు మీద ఆకుపచ్చ ఏడు, చెక్కుచెదరకుండా ఉంది.

డ్రైవరు షట్టరు ఎత్తాడు. క్షమించమని అనడానికి ఆమెకి నోరు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నప్పుడు మనిషికి వచ్చే మాటలు వేరు. కోటు సంచిలో కుక్కుకుని వచ్చేసింది.

ఆస్పత్రిలో బాబాయి కాలు కట్టుతో ఎత్తిపెట్టి ఉంది. పిన్ని స్టూలు మీద కూర్చుని దువ్వెనతో ఆయన తల దువ్వుతోంది.

"పిన్నీ, ఈ కోట్ల మేకు ముక్క కుట్టింది నువ్వేగా?"

మేకు ముక్క అంటే ఆ యూనిట్లో వేదం. కొత్త రకం ఏది వచ్చినా మొదటి ముక్కని అందరికంటే మంచి చెయ్యి ఉన్న మనిషితో కుట్టించి, లైను మొదట్లో ఉన్న మేకుకి తగిలిస్తారు. దాని చీటీ మీద కుట్టినవాళ్ళ సంతకం ఉంటుంది. మిగతా నలభై మందీ దాన్ని చూసి కుట్టుకుపోవడమే. మేకు మీద ఉన్నదాన్ని ఎవరూ ప్రశ్నించరు. పదేళ్ళుగా ఆ మేకు మీద వేలాడింది పిన్ని చేతి పనే.

"నేను కాక నీ డిగ్రీ కుట్టిందా?" అంది పిన్ని.

"పట్టీ తిరగేసి కుట్టావు."

దువ్వెన ఆగింది. "ఏమన్నావే? నువ్వు పుట్టకముందు నుంచి కుడుతున్నా. బట్టకి మంచి వైపేదో తిరగ వైపేదో నాకు చెప్పొచ్చావా?"

అమ్మడు మాటలతో చెప్పలేదు. మంచం కిందికి వంగి, చీకటిగా ఉన్నచోట కోటు పరిచి, సైకిలుకున్న లైటు ఊడదీసి కంటి పక్కన పెట్టుకుని, "ఇక్కణ్ణించి చూడు," అంది. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. పట్టీ ఆరింది, వెలిగింది, ఆరింది.

"అడిగానే," అంది పిన్ని. "అడక్కుండా కుడతానా? పట్టీ చుట్ట చేతిలో పట్టుకుని వెళ్ళి, ఏది పైకి సార్ అని అర్జంటుని అడిగా. 'మెరిసేది పైకి పెట్టాలని కూడా నేనే చెప్పాలా? ముప్పై ఏళ్ళ సర్వీసు దేనికమ్మా నీకు?' అన్నాడు. లైనంతా నవ్వింది. ఇంక మళ్ళీ అడగలేదు."

అర్జంటు అంటే ఫ్లోరు ఇన్‌చార్జి. గుండీ ఊడినా, నిప్పంటుకున్నా ఆయనకి ఒకటే మాట, అర్జంటు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

పిన్ని లేచి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది. "నేను తప్పు కుట్టాను, సరే. నువ్వేం చేశావే? తప్పు పట్టుకోవడానికేగా నిన్నక్కడ కూర్చోబెట్టింది? దారం పోగు వేలాడితే నా మొహాన కొడతావు, గుడ్డ మీద చుక్క ఉంటే నా మొహాన కొడతావు. రేడియం పట్టీ వెలుగుతుందో లేదో ఒక్కసారైనా చీకట్లో పెట్టి చూశావా?"

చూడలేదు. ముక్కకి నలభై సెకన్లు. బల్ల మీద ట్యూబులైటు. ఆ వెలుతురులో నున్నటి పట్టీ తళతళా మెరిసింది. మెరిసిందని ముద్ర కొట్టింది.

"ఇద్దరం కలిసి ఈయన్ని పడుకోబెట్టాం," అంది పిన్ని.

మంచం మీద నుంచి బాబాయి సన్నగా దగ్గాడు. "చిలకననుకుని బయల్దేరాను. వాడికి కాకిలా కనబడ్డానన్నమాట. పాపం, వాణ్ణి తిట్టకండే." నవ్వబోయి, భుజం నొప్పికి మూలిగాడు. ఆ మూలుగుతో అమ్మడిలో మిగిలిన కాస్త ఓర్పూ తెగిపోయింది. యూనిట్లో ఇలాంటి కోట్లే ఇంకో నాలుగు వేలు పెట్టెల్లో సర్ది ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం మూడింటికి లారీ. నాలుగు వేల వీపులు.

సోమవారం అందరికంటే ముందే వెళ్ళి స్టోరులో కొత్త పట్టీ చుట్ట ఒకటి విప్పింది. చుట్ట మధ్యలోని అట్టగొట్టంలో సన్నగా చుట్టి ఒక కాగితం ఉంది. ఒక బొమ్మ, రెండు లైన్ల ఇంగ్లీషు. బూడిద రంగు వైపు బయటికి ఉండేలా కుట్టాలి, చీకట్లో దీపం కంటి దగ్గర పెట్టుకుని పరీక్షించాలి. అంతే ఉంది. ఖాళీ అయిన గొట్టాల్ని లైన్లో కత్తెరలు నిలబెట్టుకోవడానికి వాడుతున్నారు. కాగితాలతో మిషను నూనె తుడుస్తున్నారు. నూనె మరకల కాగితం ఒకటి వారం పాటు తన బల్ల మీదే ఉండటం అమ్మడికి గుర్తొచ్చింది. దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది. ఆ హాల్లో ఇంగ్లీషు చదవగలిగింది ఇద్దరే, తనూ అర్జంటూ. తన మీద తనకి పుట్టిన కోపానికి ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.

అర్జంటు వచ్చాడు. అంతా విన్నాడు. కాగితం చదివాడు. గాజుగది తలుపు వేశాడు.

"మీ బాబాయి సంగతి విని నాకూ బాధేసింది. నువ్వు చదువుకున్నదానివి, చెప్తే అర్థం చేసుకుంటావు. ఈ లాటు వెళ్ళిపోనీ. వచ్చే లాటు నుంచి తిప్పి కుట్టిద్దాం. ఎలాగూ చిలకాకుపచ్చ రంగు, పగలు బాగానే కనబడుతుంది కదా?"

"పగలు కనబడటానికి కోటెందుకు సార్? మనిషే కనబడతాడు."

"వాదించకు. ఇంకా ఆరొందల ముక్కలకి నీ ముద్ర పడాలి, అర్జంటు. ఇంకో మాట." గొంతు తగ్గించాడు. "ఇది పైకి పోతే ముందు అడిగేది మేకు ముక్క ఎవరిదని. చీటీ మీద సంతకం మీ పిన్నిది. ముప్పై ఏళ్ళ మనిషి, చివర్లో ఈ మచ్చ ఎందుకు చెప్పు?"

అమ్మడికి ఒళ్ళు మండిపోయింది. కానీ అరవలేదు. ఆస్పత్రిలో అరిచిన అరుపు ఎంత తప్పుచోట పడిందో ఆమె మర్చిపోలేదు.

"ఒక్క నిమిషం స్టోరులోకి రండి సార్. చూసి, అప్పుడు చెప్పండి."

స్టోరుకి కిటికీలు లేవు. పిన్ని అప్పటికే ఈ లాటులోని కొత్త కోటు ఒకటి వేసుకుని చివరి గోడ దగ్గర వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది. ఆస్పత్రిలో బాబాయి దగ్గర తన అక్కని కూర్చోబెట్టి వచ్చింది. అమ్మడు తలుపు మూసి, సైకిలు లైటు అర్జంటు చేతిలో పెట్టింది. "చెవి పక్కన పట్టుకోండి. ఆవిడ వెనక్కి నడుస్తూ వస్తుంది. పట్టీ కనబడగానే ఆగమనండి."

చీకట్లో పిన్ని చెప్పులు టపటపలాడాయి. ఒక అడుగు, రెండు, ఐదు. లైటు గుడ్డల చుట్టల మీద తచ్చాడింది. పిన్ని వీపు వచ్చి అర్జంటు ఛాతీకి తగిలింది. ఆయన తుళ్ళిపడి లైటు వదిలేశాడు.

"నేను సైకిలు, మీరు వ్యాను," అంది పిన్ని చీకట్లోంచి. "ఇప్పుడు మీకు ముప్పై ఏళ్ళ సర్వీసు తగిలింది సార్. నొప్పెట్టిందా?"

తలుపు తెరిచారు. అర్జంటు చెమట తుడుచుకున్నాడు. ఆయన మొహం చూస్తే అర్థమైనట్టే ఉంది. అమ్మడు ఒక్క క్షణం ఆశపడింది.

"సరే, చూశాను," అన్నాడు. "అయినా లారీ మూడింటికే. నా చేతుల్లో ఏముంది? ముద్రలు కానివ్వు."

చూడకముందు అన్న మాటకి మనిషిని తిట్టొచ్చు. చూశాక కూడా అదే మాట అనేవాడితో ఏం మాట్లాడాలి? అమ్మడు తన బల్ల దగ్గరికి వెళ్ళింది. సొరుగు అడుగున ఎర్ర ముద్ర ఉంది. చెకింగువాళ్ళకి రెండు ముద్రలిస్తారు, ఆకుపచ్చది బాగుందనడానికి, ఎర్రది వెనక్కి కొట్టడానికి. అరచేతంత ఉండే ఎర్ర ముద్రని పెట్టెల మీద కొట్టాలి. ఎన్నాళ్ళుగానో ఎవరూ వాడక ప్యాడు ఎండి అట్టలా అయిపోయింది. సైకిలుకున్న సీసాలో నీళ్ళు దాని మీద పోసి, వేళ్ళతో పిసికింది. వేళ్ళు ఎర్రబడ్డాయి.

గోడవారగా కట్టిన పెట్టెలు అరవై ఎనిమిది. మొదటి పెట్టె మీద ముద్ర పడ్డ చప్పుడుకి దగ్గరలోని మిషన్లు ఆగాయి. పదో పెట్టెకి లైనంతా ఆగింది. ఆమె లెక్క తప్పకుండా, ప్రతి పెట్టెకీ పైనా పక్కనా కొట్టుకుంటూ పోయింది. చెయ్యి నొప్పి పుట్టింది. నొప్పి హాయిగా ఉంది.

"ఏం చేస్తున్నావు! పిచ్చెక్కిందా!" అర్జంటు పరిగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ! ఆ పెట్టెలు ముందే లారీ దగ్గర పేర్చండి. అర్జంటు!"

హమాలీ మేస్త్రీ తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు. "ఎర్ర ముద్ర పడ్డది ముట్టుకోం సార్."

"నేను చెప్తున్నా కదా!"

"మీరు చెప్పిన మాటే సార్. పోయినేడు తెలీక ఒక్క ఎర్ర పెట్టె ఎక్కించినందుకు ఎండలో లారీ మొత్తం దింపించారు. ఎర్రది ముడితే చెయ్యి విరుస్తానన్నారు. మా చేతులు మాకు కావాలి." వెళ్ళి ఖాళీ లారీ నీడలో కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

అర్జంటు అమ్మడి వైపు తిరిగాడు. "రేపట్నుంచి రావద్దు. నీ ముద్ర ఇచ్చెయ్."

ఆమె ఆకుపచ్చ ముద్ర ఆయన చేతిలో పెట్టింది. "రేపు వస్తాను సార్. కాగితం మీద రాసివ్వండి, ఎందుకు రావద్దో కూడా రాయండి. రాసిచ్చేదాకా వస్తాను."

ఆయన గాజుగదిలోకి వెళ్ళి ఫోనెత్తాడు. చేతులు ఊపుతూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాటలు బయటికి వినబడలేదు.

పిన్ని లైను మొదట్లోకి నడిచి, మేకు మీది ముక్కని ఒక్క గుంజు గుంజింది. చీటీ మీది తన సంతకం వైపు ఒకసారి చూసి, దాన్ని చింపకుండా జేబులో పెట్టుకుంది. మిషను ముందు కూర్చుని పట్టీల కుట్టు బ్లేడుతో పరపరా విప్పింది. తిప్పి, బూడిద వైపు పైకి పెట్టి మళ్ళీ కుట్టింది. నాలుగు పట్టీలకీ పది నిమిషాలు పట్టలేదు. తీసుకెళ్ళి మేకుకి తగిలించింది.

"అంధవికారంగా ఉందక్కా," అంది పక్క మిషనామె. "మెరుపే లేదు."

"ఉండదు. నీకు కాదు మెరవాల్సింది." పిన్ని ఒక ఎర్ర ముద్ర పెట్టెని కాలితో తన దగ్గరికి లాక్కుని టేపు కోసింది. లోపల కోట్లు యాభై తొమ్మిది. పక్కామె కాసేపు గాజుగది వైపు చూసింది, కాసేపు పెట్టె వైపు చూసింది. చివరికి తనూ ఒక కోటు అందుకుంది.

అమ్మడు ఎర్ర చేతులతో నిలబడే ఉంది. కోపం ఇంకా అలాగే ఉంది, కొంచెం కూడా తగ్గలేదు. అర్జంటు మీదా, కాగితం మీద పెట్టుకున్న టీ గ్లాసు మీదా, పిన్నిని చూసి నవ్విన లైను మీదా.

"ఏయ్ డిగ్రీ!" పిన్ని తల ఎత్తకుండానే పిలిచింది. "కాలేజీలో కుట్టు విప్పడం నేర్పారా?"

"లేదు."

"మరి బొమ్మలా నిలబడ్డావేం? పోలీసాయనకి ఉన్నదున్నట్టు చెప్పడానికి సాయంత్రం వెళ్దువుగాని, ఆ డ్రైవరుని కూడా తీసుకుని. ఇప్పుడు కూర్చో." బ్లేడు విసిరింది. "బట్ట తెగితే మాత్రం చంపేస్తా."

అమ్మడు కూర్చుంది. చేతికందిన మొదటి కోటు తిరగేసింది. లేబులు మీద ఆకుపచ్చ ఏడు. ముందు దాన్నే బ్లేడుతో గీకడం మొదలుపెట్టింది.